ఆయన్ని ఎవరు ఆపమన్నారు?

మా మేనత్త వెళ్ళిపోయింది. అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో, మా ఇంట్లోనే, భోజనాల వేళ దాటాక, కిటికీ పక్కన వేసిన మంచం మీద, ఒక నిద్రలోంచి ఇంకో నిద్రలోకి జారినట్టు జారిపోయింది. ఆదివారాలు మా హాల్లో ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లలకూ, వాళ్ళను దింపడానికి వచ్చి కాఫీ తాగందే కదలనివ్వని ఆమె చేతికి చిక్కిన తల్లిదండ్రులకూ ఈ కబురు ఈపాటికి అందే ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే, "పాపం, కిడ్నీలు పాడై పోయిందట" అని నలుగురూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. కిడ్నీలు పాడయ్యాక కూడా ఆమె చాలా కాలం బతికింది. డయాలసిస్ ఇక చాలని తనే చెప్పి, ఇంటికొచ్చి పోయింది. నేను వద్దన్నాను. మా నాన్న వద్దన్నాడు. ఆమె వినలేదు.

వారానికి మూడు రోజులు ఆమెను సెంటర్‌కి తీసుకెళ్ళేది నేనే. పొడుగాటి హాలు, గోడల వెంట వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక్కో యంత్రం. ఒక చేతికి సూదులు గుచ్చితే ఆ చెయ్యి కదపకుండా సగం రోజు పడుకోవాలి. రక్తం బయటికి పోయి, శుభ్రపడి, చల్లబడి వెనక్కి వస్తుంది. బయట ఎడారి ఎండ తారును కరిగిస్తుంటే లోపల అందరూ మెడ దాకా దుప్పట్లు కప్పుకుని ఉండేవాళ్ళు. యంత్రాల సన్నని హోరులో సగం మంది నిద్రపోతూ, మిగతా సగం నిద్రకు ఒడ్డున తేలుతూ ఉండేవాళ్ళు. ఎదురు గోడకున్న టీవీలో ఎప్పుడూ బేస్‌బాల్. రిమోట్ మా అత్త పక్క కుర్చీలో ఉండే ముసలాయన చేతిలో ఉండేది. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. అరిజోనాలోనే పుట్టి పెరిగినవాడు. మా అత్త ఆయన్ని "బ్రదర్‌గారూ" అని పిలిచేది. అది తన పేరే అన్నంత సహజంగా ఆయన పలికేవాడు.

మా అత్తకు మొదట ఆ ఆట తలా తోకా తెలియదు. బంతి విసిరేవాణ్ణి మాత్రం చూసేది. ఎడమచేత్తో విసిరే ఒక కుర్రాడు ఆమెకు తెగ నచ్చాడు. విసిరిన ప్రతిసారీ మోచెయ్యి పట్టుకుని మొహం చిట్లించేవాడు. ఈమెకు నిద్ర పట్టేది కాదు. చివరికి ఆ పిల్లాడి మోచెయ్యి బాగుపడితే వడమాల వేస్తానని ఆంజనేయస్వామికి మొక్కుకుని, ఆ సంగతి పోస్ట్‌మ్యాన్‌గారికి కూడా చెప్పింది. ఆయన రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, ఎవరికో తంతి అందిస్తున్నట్టు, అది ఇప్పటి మ్యాచ్ కాదని చెప్పాడు. ఆ చానల్‌లో వేసేవన్నీ ఎప్పుడో అయిపోయిన ఆటలట. ఆ కుర్రాడికిప్పుడు మనవలున్నారట. మోచెయ్యి నయం కాలేదు. ఆ ఏడే ఆట మానేసి, ఏదో చిన్న ఊళ్ళో బడిపిల్లలకు బంతి విసరడం నేర్పాడట.

మా అత్త నావైపు తిరిగి, "చూశావటే కోడలా, స్వామి కూడా ఆలస్యంగా వచ్చాననుకుంటాడు," అంది. మొక్కు మాత్రం మానలేదు. స్వామికి పనిలేకపోతే మనమేం చేస్తాం, మాట మాటే, అని ఆ వారాంతం గారెలు వండించి గుడిలో మాల వేయించింది. మిగిలినవి సెంటర్‌కి పట్టుకెళ్ళింది. ఉప్పూ పప్పూ ఆ కుర్చీల్లో వాళ్ళెవరూ తినకూడదు. నర్సులు తిన్నారు. పోస్ట్‌మ్యాన్‌గారు వాసన చూసి ఇచ్చేశాడు.

ఆ రోజు నుంచీ వాళ్ళిద్దరికీ ఒక కొత్త ఆట దొరికింది. తెర మీద మ్యాచ్ ఎవరు గెలిచారన్నది అడగకూడదు, చెప్పకూడదు. పరుగెత్తే కుర్రాడు తర్వాత ఏమయ్యాడో చెప్పుకోవాలి. గడ్డమాయన పడవ కొనుక్కుని చేపలు పట్టడానికి మనుషుల్ని తీసుకెళ్ళాడు. బేసుల మధ్య గాలిలా దూసుకుపోయే సన్నటాయన ఇన్సూరెన్స్ అమ్మాడు, కానీ ఒక్క మెట్టు కూడా నడిచి ఎక్కేవాడు కాదు, పరిగెత్తేవాడు. వికెట్‌కీపర్‌లా వెనక గొంతుక్కూర్చునే లావుపాటాయన మోకాళ్ళు అరిగాక చర్చిలో పాటలు పాడాడు. ఇంకొకాయన ఆట మానేసి, ఉండలేక తిరిగొచ్చి, మళ్ళీ మానేసి, మళ్ళీ వచ్చాడు. మా అత్త వీళ్ళెవరి పేర్లూ నేర్చుకోలేదు. గడ్డమాయన, సన్నటాయన, పాటలాయన. తెర మీద వాళ్ళింకా నవయవ్వనంలో, పచ్చగడ్డి మీద, సాయంత్రపు వెలుగులో కదులుతుంటే, ఈ చివర దుప్పట్ల కింది నుంచి వాళ్ళ ముసలితనాలు మెత్తగా వినిపించేవి. ఒక్కోసారి నేను కూడా కునికేదాన్ని. మెలకువ వచ్చేసరికి ఎవరు కుర్రాడో ఎవరు తాతో తెలిసేది కాదు.

"తెలిసిన ఆటనే చూడాలే," అనేది మా అత్త. "గెలుస్తాడా లేదా అన్న గాభరా ఉండదు. మనిషి కనపడతాడు."

ప్రతి ఆటగాడి కథ చివర ఆమెకు ఒకటే ప్రశ్న: ఆయన్ని ఎవరు ఆపమన్నారు? జట్టు పొమ్మందా, ఒళ్ళు పొమ్మందా, తనే పోయాడా? పోస్ట్‌మ్యాన్‌గారికి మొదట్లో ఇది వింతగా ఉండేది. తర్వాత ఆయనే ఇంటి దగ్గర పాత పత్రికలు తిరగేసి వచ్చేవాడు. జట్టు పొమ్మన్నవాళ్ళ గురించి చెబితే ఆమె నాలుక చప్పరించేది. తనంతట తానే గ్లవ్ తీసి బెంచీ మీద పెట్టి వెళ్ళినవాడి గురించి చెబితే దుప్పటిలోంచి తల బయటపెట్టి వినేది. ఒకసారి ఆయన్నే అడిగింది, ఉత్తరాల సంచి మొయ్యడం ఎవరు ఆపమన్నారని. ఆయన ఆలోచించి, "ఒక కుక్క," అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక కదిలితే యంత్రం కూత పెట్టింది, నర్సు పరిగెత్తుకొచ్చింది.

నాకు ఈ సంతాపాల మధ్య కూడా కోపం వస్తూనే ఉంటుంది, క్షమించాలి. అది కూడా ఆమె పెట్టిన భిక్షే. నెల్లూరు జిల్లాలో సారా దుకాణాలు మూయించిన రోజుల్లో ఆమె వీధి వీధీ తిరిగి పంచిన కరపత్రాలు పెట్టె అడుగున దాచుకుని ఇక్కడికి తెచ్చుకుంది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది వాటి మీదే. అందుకే నా రాతలో కామాల కంటే ఆశ్చర్యార్థకాలు ఎక్కువని ఆమె వెక్కిరింపు. సెంటర్‌లో మనుషులు చాలక నర్సులు పరుగులు తీస్తున్నారని నేనొక కరపత్రం రాసి పార్కింగ్‌లో పంచాను. మేనేజర్ పిలిచి మందలిస్తే అరిచాను. మా అత్త నన్ను దగ్గరికి పిలిచి, "కోపం మంచిదే కోడలా. ఖాళీ కడుపుతో మాత్రం మొయ్యొద్దు," అని, ఎదురుగా కూర్చోబెట్టి పెరుగన్నం తినిపించింది.

ఆటగాళ్ళను జట్లు ఒకరికొకరు మార్చుకుంటాయని విన్నప్పుడు కూడా నేను మండిపడ్డాను. మనుషులా, గొడ్లా? అప్పుడే పోస్ట్‌మ్యాన్‌గారు ఒకాయన కథ చెప్పాడు. నన్ను అడక్కుండా అమ్మడానికి మీరెవరని కోర్టుకెక్కిన ఆటగాడు. కేసు ఓడిపోయాడు, ఆటా పోయింది. కానీ ఆ దెబ్బతో కదిలిన గోడ తర్వాతివాళ్ళకు దారిచ్చింది. నా కళ్ళు చెమర్చాయి. ఆయన మా మనిషి అనుకున్నాను.

చలి తగ్గి, రోడ్ల పక్కన నారింజ చెట్లు పూసిన వారంలో, కారులో వస్తూ మా అత్త చెప్పింది. ఇక వెళ్ళనని. సెంటర్‌కి వెళ్ళొచ్చిన రోజు పడకే, మర్నాడు పడకే, కాస్త లేచేసరికి మళ్ళీ సెంటర్. చేతిలో సుద్దముక్క నిలవడం లేదు. ఆదివారం పిల్లల పేర్లు మర్చిపోతోంది. గుక్కెడు నీళ్ళు కొలిచి తాగాలి, కలలో కూడా దాహమే.

నేను కారు పక్కకు ఆపేశాను. ఆమెకు చెప్పిందల్లా ఆమె నాకు నేర్పినదే. పోరాడాలని, వదలకూడదని. ఆఖరికి ఆ కోర్టుకెక్కిన ఆటగాడిని కూడా సాక్ష్యానికి పిలిచాను.

"ఆయన వదిలాడా? చెప్పు అత్తా, ఆయన వదిలాడా?"

"పోరాటం వదల్లేదే. ఆట వదిలాడు." కిటికీ అద్దం కాస్త దించి ఆ పూల వాసన లోపలికి రానిచ్చింది. "రెండూ ఒకటేనని నీకెవరు చెప్పారు?"

"మరి నేనేం కావాలి?"

"నువ్వు కరపత్రాలు రాసుకో. తప్పుల్లేకుండా."

ఆమె నిర్ణయం సరైనదని నేను ఆ రోజు ఒప్పుకోలేదు. ఇవాళ కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంకో వేసవి ఉండేది, ఇంకో పది మంది పిల్లలు అక్షరాలు దిద్దుకునేవాళ్ళు అనిపిస్తుంది. మా నాన్న తలుపేసుకుని ఏడ్చాడు. డాక్టర్ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, అందరినీ అడగాల్సిన మాటే ఆమెనూ అడిగాడు: ఆపమని మీ మీద ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా? మా అత్త నావైపు చూసి చిలిపిగా నవ్వింది. ఎవరూ లేరని, తన మేనకోడలు అడ్డం కూడా పడుతోందని ఇంగ్లీషులో చెప్పింది. ఆ నవ్వు చూశాక నేను అరవలేకపోయాను.

ఆఖరిసారి సెంటర్‌కి వెళ్ళిన రోజు ఆమె పోస్ట్‌మ్యాన్‌గారికి తనే చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు. ఏ ఆట పెట్టమంటారని అడిగాడు. మీ ఇష్టం అంది. ఆయన రిమోట్ అటూ ఇటూ నొక్కి, చివరికి ఒక మ్యాచ్ దగ్గర ఆగాడు. ఆ రోజు ఇద్దరూ ఎవరి గురించీ ఏమీ చెప్పుకోలేదు. గడ్డి మీద నీడలు పొడుగవుతుంటే చూస్తూ పడుకున్నారు.

యంత్రం ఆగింది. నర్సు సూదులు తీసి కట్టు కట్టింది. మా అత్త లేచి, చీర సవరించుకుని, దుప్పటి తనే మడిచి నా చేతికిచ్చింది. ఒక్కో కుర్చీ దగ్గరా ఆగుతూ, నెమ్మదిగా, హాలు ఆ చివరి దాకా నడిచింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. కుర్చీల్లో వాళ్ళు లేవలేరు, సూదులున్న చెయ్యి కదపలేరు. ముందు పోస్ట్‌మ్యాన్‌గారు రెండో చెయ్యి దుప్పటిలోంచి తీసి పైకెత్తాడు. ఆయన పక్కనావిడ ఎత్తింది. తర్వాత అవతలి వరుసలో ఒకరు, ఇంకొకరు. హాలంతా ఆ ఒంటి చేతులు నీళ్ళలో మొక్కల్లా మెల్లగా పైకి లేచాయి. మూల కుర్చీలో గాఢనిద్రలో ఉన్న ఒకాయన చెయ్యి కూడా, కలలో ఎవరో పిలిచినట్టు, కుర్చీ మీంచి కొద్దిగా లేచి అక్కడే నిలిచింది.