రెంజల్ కాంట పచ్చగానే ఉంది

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవి: రెండు ఇనుప ర్యాకులు, వాటిలో సర్వర్లు, ఒక యూపీఎస్, ఒక కొత్త ఏసీ, చప్పుడు తప్ప చల్లదనం ఇవ్వని ఒక పాత ఏసీ, గోడకు ఆనించిన చెక్క బీరువా. ఉన్నవాళ్లు: నేను, గంగాధర్ అన్న, హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి వచ్చిన శ్రీనివాస్ గారు. నాలుగో మనిషి లేడు. ఇది ముందే రాస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎక్కడ చెప్పినా, "ఇంకెవడో ఉండి చేసుంటాడు" అనేవాడు ఒకడు తప్పకుండా తగులుతాడు.

దయ్యాల మీద నాకు నమ్మకం అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. చిన్నప్పుడు మూడు తొవ్వల కాడ పడేసిన నిమ్మకాయను తొక్కొద్దని మా అవ్వ అంటే, వెనక్కి వెళ్లి మరీ తొక్కి వచ్చినవాణ్ని. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఇది చదివి నన్ను దయ్యాలను నమ్మేవాళ్ల జట్టులో కలిపితే ఒప్పుకోను. అలాగని ఇది జరగలేదంటే అసలే ఒప్పుకోను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన మా కంపెనీ గది ఉండేది. బయట 'డేటా సెంటర్' అని బోర్డు. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు తూచే కాంటలను మా సర్వర్లకు కలపడం మా పని. ప్రతి కాంట దగ్గర ఒక రేడియో డబ్బా, స్తంభం మీద ఒక యాంటెనా ఉంటాయి. బండి కాంట మీదికి ఎక్కగానే ఆ బరువు మాకు చేరాలి. లింకు తెగితే తూకం ఆగుతుంది, బండ్లు ఎండలో నిలబడతాయి. కోసిన చెరుకు నిలబడినకొద్దీ బరువు తగ్గుతుంది. అంటే మా తప్పుకు రైతు నష్టపోతాడు.

గంగాధర్ అన్న ఫీల్డు మనిషి. తీగలు, స్తంభాలు, ఊరూరా ఉన్న షెడ్ల తాళాలు అన్నీ ఆయన దగ్గరే. ఇంట్లో వదిన బీడీలు చేసేది. ఇద్దరి సంపాదన కలిస్తేనే ఇల్లు గడిచేది. నాకు పని నేర్పింది ఆయనే.

ఆ సీజను మొదట్లో నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. దాన్ని ఎక్కించడానికే శ్రీనివాస్ గారు వచ్చారు. పాతదానిలో ఏ డబ్బా ఎక్కడుందో మేమే టైపు చేయాలి. కొత్తది తనంతట తానే వెతికి పట్టుకుంటుంది, మ్యాపు గీస్తుంది. పనిచేసేది పచ్చగా, ఆగినది ఎర్రగా చూపిస్తుంది. ఒకేసారి పది ఎర్రబడితే, వాటిలో అసలు కారణం ఏదో ఎంచి పక్కన రాస్తుంది. ఏది ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు లేచిందో తనే రాసి పెట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే నాకది చాలా నచ్చింది.

"గింత తెలివి ఉంటే మనతోని పనేముంది తమ్మీ? అదే స్తంభమెక్కుతది" అన్నాడు గంగాధర్ అన్న.

మధ్యాహ్నానికి మ్యాపు సిద్ధమైంది. అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి, ఒకటి తప్ప. బోధన్ స్తంభం నుంచి రెంజల్ వైపు ఒక గీత, దాని కొసన పచ్చటి చుక్క.

రెంజల్ వైపు ఉన్న ఆ కాంటను అంతకు ముందు వేసవిలోనే మూసేశారు. దాన్ని నడిపిన సాయిలు, గంగాధర్ అన్న దోస్తు, గుండెపోటుతో ఇంట్లోనే చనిపోయాడు. అతని తర్వాత ఎవరూ కుదరలేదు. నేను ఉద్యోగంలో చేరింది ఆ తర్వాతే, అతన్ని ఎన్నడూ చూడలేదు. అక్కడి రేడియో డబ్బాను గంగాధర్ అన్న విప్పి తెచ్చి మా చెక్క బీరువాలో పెట్టాడు.

పాత వివరం మిగిలిపోయిందేమోనని ఆ చుక్కను తీసేశాను. సాఫ్ట్‌వేర్ మళ్లీ వెతికింది, మళ్లీ పెట్టింది. ప్రతి డబ్బాకూ తయారైన చోటే ఒక నంబరు వేస్తారు. చుక్క చూపిస్తున్న నంబరూ బీరువాలోని డబ్బా మీద ఉన్న నంబరూ ఒకటే.

"వేరే డబ్బాకు నంబర్ మార్చి ఇదే పెట్టుకోవచ్చు. అదేం పెద్ద విద్య కాదు" అన్నారు శ్రీనివాస్ గారు. నిజమే, మార్చొచ్చు. తర్వాత ఆయన గంగాధర్ అన్న వైపు తిరిగారు. "తాళాలు మీ దగ్గరే కదండీ. ఎవరికిచ్చారు కనెక్షను?"

"ఎవనికిస్త సార్? మా గల్లీలనే నెట్టు లేదు. చెరుకు తోటల మేకలకిస్తనా?"

శ్రీనివాస్ గారు నవ్వలేదు. కంపెనీ లింకును బయటివాళ్లకు ఇస్తే ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా. రిపోర్టు ఆయనే రాస్తారు. కానీ అక్కడ పనిచేసే టెక్నీషియన్ కూడా సంతకం చేయాలి. అంటే నేను.

"సంతకం పెడితే ఈ సీజన్‌లోనే నిన్ను పర్మనెంట్ చేయిస్తాను" అని నాతో విడిగా అన్నారు.

చూడకుండా పెట్టనన్నాను.

మరునాడు పొద్దున జీపులో ఆయనా నేనూ బయలుదేరాం. గంగాధర్ అన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సర్వర్ ర్యాకుకు తాళం వేసి చెవి నా జేబులో పెట్టుకున్నాను. ఆయన మీద అనుమానంతో కాదు, తర్వాత ఎవరూ అనుమానించకూడదని.

బోధన్‌లో దిగి, మా స్తంభం మీద రెంజల్ వైపు చూసే యాంటెనా తీగ పీకాను. ఫోన్ చేస్తే ఎర్రగా అయ్యిందన్నాడు అన్న. మళ్లీ పెడితే పచ్చగా అయ్యింది. అంటే జవాబు వస్తున్నది ఆ యాంటెనాకు అవతలి నుంచే. శ్రీనివాస్ గారి మొహం వెలిగింది. దొంగను పట్టుకోబోతున్నామని ఆయన నమ్మకం.

కాంట షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. నిండు ఎండ. రేకులు ఉన్నాయి, తలుపు లేదు. కరెంటు మీటరు పీకేశారు, గోడకు దాని మరక మిగిలింది. స్తంభాన్ని మొదలంటా కోసేశారు, నేలలో బోల్టులు మాత్రం ఉన్నాయి. కాంట పళ్లెం తీసేసిన గుంతలో చెరుకు ఆకు నిండింది. శ్రీనివాస్ గారు సిగ్నల్ పట్టే మీటరు చేతబట్టి షెడ్డు చుట్టూ, గట్ల వెంట తిరిగారు. అదేమీ పట్టలేదు.

మేకలు కాసుకుంటున్న ఒక ముసలామె ఆయన్ను చూసి ఆగింది.

"ఏం సారూ, పామును గిట్ల దేవులాడుతున్నవా? గా బూట్లతోని ఉరుకుడు కష్టం."

"లేదవ్వా, కాంట సూడనీకి వచ్చినం" అన్నాను.

"మల్ల పెడ్తరా? పెట్టుండ్రి బిడ్డా. బోధన్ దాంక పోయేటాలకు చెరుకంత ఎండి కట్టెలైతున్నది. సాయిలు ఉండంగ బండి నిలవనియ్యకపోతుండె."

ఇక్కడికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. మేకలు తప్ప ఎవరూ రారని చెప్పి వెళ్లిపోయింది.

శ్రీనివాస్ గారు ఫోన్ చేశారు. "ఇప్పుడెలా ఉంది?"

"పచ్చగనే ఉన్నది సార్."

ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "చూశావా? మనం వస్తున్నామని గంగాధర్ చెప్పి ఇక్కడి నుంచి మార్పించేశాడు. ఏదో పొలంలో దాచి ఉంటాడు. ఇంక చూసేదేముంది? సంతకం పెట్టెయ్."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కొంత. ఆ పచ్చ చుక్క మీద ఎక్కువ. కరెంటు లేదు, స్తంభం లేదు, డబ్బా లేదు. అయినా ఉన్నానంటుంది. అదట్లా ఉన్నానంటుంటే ఒక మనిషి బతుకు పోతోంది. ఆ కోపంలో నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడను. ఖాళీ షెడ్డులో నిలబడి గట్టిగా అన్నాను:

"సాయిలన్నా, నేను నిన్ను సూడలే. నమ్మ గూడ నమ్మ. గీడ ఉన్నది నువ్వే అయితే ఒక్కపారి బంద్ జేసి సూపెట్టు. నీ దోస్తు నౌకరి పోతున్నది."

శ్రీనివాస్ గారు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. అంతలో ఆయన ఫోన్ మోగింది. గంగాధర్ అన్న. స్పీకర్ పెట్టారు.

"సార్, ఎర్రగైంది… పచ్చగైంది. ఆగుండ్రి, మల్ల ఎర్రగైంది… ఇగో మల్ల పచ్చ. మీరేమన్న ముట్టిండ్రా ఆడ?"

మేమేమీ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి అక్కడేమీ లేదు. నేను ఒక్కసారే బంద్ చేయమన్నాను. అది రెండుసార్లు ఆగింది.

"రెండు పార్లెందుకు అన్నా?" అని అడిగాను. నేను ఏమన్నానో ఆయనకు తెలియదు. నేనట్లా ఎందుకు అడిగానో కూడా తెలియదు.

"సాయిలు తాన సెల్లు లేకుండె తమ్మీ" అన్నాడు. "అందరు పొద్దుగాల మిస్డ్ కాల్ ఇద్దురు, కాంట తెరిచినమని. వాడు డబ్బా స్విచ్చి రెండు పార్లు బంద్ జేసి పెట్టేటోడు. నాకు గదే ఎరుక. గీడ ర్యాకుల రెంజల్ లైటు రెండు పార్లు పోంగనే, సాయిలు వచ్చిండు అనుకుందును."

మా మిస్డ్ కాల్ పద్ధతి నాకు తెలుసు. దీని సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. శ్రీనివాస్ గారికి తెలిసే వీలే లేదు.

గదికి చేరాక శ్రీనివాస్ గారి గొంతు మళ్లీ లేచింది. "మీరిద్దరూ ముందే అనుకున్నారు. ఇక్కడ గంగాధర్ వైరు పీకి పెట్టాడు."

వైరు ర్యాకులో ఉంది. ర్యాకు తాళం వేసినట్టే ఉంది, చెవి నా జేబులోనే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ రాసి పెట్టుకున్నది తెరిచాను. అది చూసే పాస్‌వర్డ్ నాకూ శ్రీనివాస్ గారికీ తప్ప మూడో మనిషికి లేదు. ఆగింది, లేచింది, ఆగింది, లేచింది అని నాలుగు వరుసలు ఉన్నాయి. పక్కన కారణం రాయాల్సిన చోటు ఖాళీ. నేను పొద్దున తీగ పీకిన దానికి మాత్రం 'బోధన్ స్తంభం' అని సరిగ్గానే రాసుకుంది. కారణం దొరకనప్పుడు 'తెలియదు' అని రాస్తుంది గానీ ఖాళీ వదలదని, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు తర్వాత ఫోన్‌లో చెప్పారు.

"ఎవరో నంబరు మార్చి వాడుతున్నారు, అంతే" అన్నారు శ్రీనివాస్ గారు, ఈసారి నెమ్మదిగా.

"కావొచ్చు సార్. మరి ఆ ఎవరో నా మాట ఎట్లా విన్నాడు?"

గంగాధర్ అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఉద్యోగం పోతుందనో, సాయిలు గుర్తుకొచ్చో నేను అడగలేదు.

శ్రీనివాస్ గారు రాయనన్నారు, రిపోర్టు నేనే రాశాను. గంగాధర్ తప్పు లేదు అని మొదటి వాక్యం. ఆ పరికరం పనిచేస్తోంది, ఎక్కడ ఉందో తెలియదు అని రెండోది. హెడ్డాఫీసు తిప్పి పంపింది. "తెలియదు అని రాయకూడదు, ఎవరో ఒకరి పేరు రాయి" అన్నారు. మళ్లీ అదే పంపాను. చివరికి, గంగాధర్ అన్న మీద ఏ చర్యా తీసుకోబోమని చెప్పారు. కానీ రిపోర్టు చివర రాసిన పరీక్ష ఫలితం మాత్రం కొట్టేయమన్నారు, చదివినవాళ్లు నవ్వుతారట. నవ్వనీ అన్నాను. కొట్టేయలేదు. ఆ సీజన్‌లో నన్ను పర్మనెంట్ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. గంగాధర్ అన్న మాత్రం అక్కడే పనిచేశాడు. సీజను చివర బోధన్ యాంటెనాను ఆయనే దింపాడు. దానితో ఆ చుక్క కూడా పోయింది.

ఇన్నేళ్లలో తెలిసినవాళ్లను ఎందరినో అడిగాను. చెప్పిన ప్రతి కారణాన్నీ కాగితం మీద పెట్టి చూశాను. ఏదీ పూర్తిగా సరిపోలేదు. దయ్యమంటే ఒప్పుకోను. కారణం తెలియదంటే ఒప్పుకుంటాను.

వాళ్లు కొట్టేయమన్న పరీక్ష ఇది. ఆ సాయంత్రం బీరువాలోంచి రెంజల్ డబ్బాను తీసి శ్రీనివాస్ గారి ముందు బల్ల మీద పెట్టాను. స్క్రూలు విప్పి, ఏ కరెంటూ తగలని లోపలి బోర్డును బయటికి తీశాను. ఉన్నావా అని అడిగే సందేశాన్ని ఆయన చేతే కంప్యూటర్ నుంచి రెంజల్‌కు పంపించాను. పంపినవి నూరు. జవాబు వచ్చినవి నూరు.