వీధి వైపు తిప్పిన మైకు

నా చేతిరాత బాగుండదు. మా ఊరి బడిలో అయిదో తరగతితో సరి, తప్పులు కూడా దొర్లుతాయి. సర్దుకుని చదవండి. పెరంబూరులో మన హైస్కూలు తెలుగు టీచరమ్మ పోయిన మంగళవారం చనిపోయారు. పాత విద్యార్థుల పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. నాకు మాటలు తక్కువ. అయినా రాస్తున్నాను.

మైకుసెట్టు అద్దెకిచ్చే పని నాది. కబురు వచ్చినప్పుడు ఒక చెవులు కుట్టే ఫంక్షన్లో నిచ్చెన మీద ఉన్నాను. స్కూలు గేటు దగ్గర పూలమ్మే ఆమె కింద నిలబడి, "తాతా, మీ టీచరమ్మ పోయిందంట" అంది. దిగి వచ్చి పాట ఆపేశాను.

"ఎన్నా తాతా, పాటేమాయె?" అన్నారు ఫంక్షన్ వాళ్లు.

"వైరు కాలింది" అన్నాను. 

మన స్కూల్లో జెండా పండగకి, ఆటల పోటీలకి, సైన్సు ఎగ్జిబిషన్‌కి, వార్షికోత్సవానికి మైకు నాదే. టీచరమ్మ కొత్తగా వచ్చిన ఏడు, వార్షికోత్సవం ముందురోజు సాయంత్రం స్పీకరు గొట్టాలు గ్రౌండు వైపు కడుతున్నాను. ఆమె వచ్చి కింద నిలబడ్డారు.

"అన్నా, వాటిని వీధుల వైపు తిప్పు."

"ఆడ ఎవురుండారు టీచరమ్మా వినేదానికి?"

"ఈడ లేనోళ్లంతా ఆడే గదన్నా ఉండారు!"

తిప్పాను. ఆమె చెప్పులు విడిచి మైకు ముందు నిలబడి, బడి మానేసిన పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచారు. ముందు తరగతి, తరవాత పేరు. "రేపు రా నాయనా. కోలాటంలో నీ చోటు అట్లే పెట్టుండా. నీ జోడీ గాలిని కొడతా ఉంది" అని.

ఆ మాట నిజమే. రాని పిల్ల చోటు ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. ఎదురుగా ఉన్న పిల్ల పాట అయ్యేదాకా ఎవరూ లేని చోటికి కర్ర చాపి, కొట్టి, తిరిగేది. అన్ని కర్రల చప్పుడులో ఆ ఒక్క కర్రకు చప్పుడు ఉండదు. స్టేజీ పక్కన కూర్చున్న నాకు అదే ఎక్కువగా వినిపించేది.

అప్పటి హెడ్మాస్టరు, "ఏం టీచర్, ఇది స్కూలా, పోలీసు స్టేషనా?" అని నవ్వేవారు.

"పోలీసులైతే పట్టుకొస్తారు సార్. నేను పిలస్తా ఉండా, అంతే."

అందరూ నవ్వలేదు. ఒకాయన లుంగీ ఎగ్గట్టి స్టేజీ దగ్గరికి వచ్చాడు. "నా కూతురి పేరు వీధంతా కూస్తావా? మానం పోయె!"

"ఇంటికొచ్చి మెల్లగా పిలిస్తే నువ్వు తలుపు తీయలేదు గదన్నా. కూర్చో, టీ తాగు."

ఆయన టీ తాగలేదు. మర్నాడు ఆ పిల్ల కోలాటంలో ఉంది.

టీచరమ్మ కొంగు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. నాకు తమిళం చదవడం రాదు. ఇక్కడంతా తమిళమే కదా, ప్రోగ్రాం కాగితం కూడా తమిళంలోనే ఉంటుంది. ఆమె నాకిచ్చే కాగితంలో మాత్రం పక్కన బొమ్మలు ఉండేవి. ప్రార్థనకు దీపం, కోలాటానికి రెండు కర్రలు, ఉపన్యాసానికి నోరు తెరిచిన బొద్దు మనిషి. నాకది చదవడం రాదని ఒక్కరి ముందు కూడా అనలేదు. "పిలిచేవోళ్లు లేకుంటే పేరెందుకన్నా పెట్టేది?" అని అంటూ ఉండేవారు.

ఒక వానాకాలం స్కూలు వెనక వీధిలో ఎనిమిదో క్లాసు పిల్ల జ్వరంతో పోయింది. పేరు రేవతి. ఆ ఏడు కూడా వార్షికోత్సవం ముందురోజు అందరి పేర్లూ అయ్యాక, చివర్న టీచరమ్మ, "ఎనిమిదో క్లాసు, రేవతీ" అన్నారు. మైకు ఆపేశాను.

"టీచరమ్మా, ఆ బిడ్డ లేదు గదా."

"తెలుసన్నా. వాళ్లమ్మే అడిగింది. ఏడుస్తాదని భయపడి ఇంట్లో ఎవురూ ఆ పేరే ఎత్తరంట. నా బిడ్డ పేరు వినక చెవులు చచ్చిపోతా ఉండాయి అనింది. మైకు వెయ్యి."

వేశాను. అప్పట్నుంచి ప్రతి ఏడూ వేశాను. తక్కిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. రేవతి మాత్రం ఎనిమిదో క్లాసే. టీచరమ్మ రిటైరయ్యాక కూడా ఆ ఒక్క సాయంత్రానికి వచ్చేవారు. గొంతు సన్నబడింది. నేనే సౌండు కొంచెం పెంచేవాణ్ణి.

చావింటి ముందు ఒక ఆటో డ్రైవరు నా పక్కన నిలబడ్డాడు. "నన్ను గూడా మైకులో పిలిచింది తాతా. ఆ రోజు మా నాయన కొట్టినాడు. ఆయనే మర్నాడు బ్యాగు భుజానికి తగిలించి పంపినాడు" అన్నాడు. చెప్పి ఆటో తుడుచుకోవడానికి పోయాడు.

రేవతి వాళ్లమ్మ కూడా వచ్చింది. జనంలోంచి నా దగ్గరికే వచ్చింది. "అన్నా, ఇంక నా బిడ్డని ఎవురు పిలస్తారు?"

మర్నాడు స్కూలుకు పోయాను.

ఈ ఏడు రేవతి పేరు ఎవరు పిలుస్తారని ఇప్పటి హెడ్మాస్టరును అడిగాను. మంచివారే. "పిల్లలు రాకుంటే ఇంటికి ఫోన్లోనే మెసేజీ పోతోంది తాతా, పిలిచే పని లేదు. అయినా నేను వద్దనను. మీరే పిలవండి" అన్నారు. నేనా! ఇన్నేళ్లలో నేను మైకులో చేసింది వేలితో తట్టడం, ఉఫ్ అని ఊదడం. అంతే.

నిన్న సాయంత్రం పిల్లలు వెళ్లాక సెట్టు స్కూలుకు తీసుకెళ్లి గొట్టాలు వెనక వీధి వైపు కట్టాను. స్విచ్చి వేస్తే గుయ్యిమంది. ఆ మోతకే కుళాయి దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపేశారు. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ పక్కకు లాగలేదు.

"ఎనిమిదో క్లాసు" అన్నాను. పేరు దగ్గర ఆగిపోయాను. నా ఊపిరి ఒక్కటే వీధంతా వినిపించింది.

రేవతి వాళ్లమ్మ తల దువ్వుకుంటూ బయటికి వచ్చింది. "చెప్పన్నా, సగంలో ఆపొద్దు" అంది. నాకు రాలేదు.

వచ్చే నెల వార్షికోత్సవం. టీచరమ్మ పిలిస్తే బడికి తిరిగి వచ్చినవాళ్లు ఇది చదివేవాళ్లలో ఉంటారు. మీలో ఒకరు వచ్చి నిలబడండి. మైకు నేను చూసుకుంటాను. ఒక్క పేరు, అంతే. వచ్చేదీ రానిదీ తొందరగా జవాబు రాయండి. నిన్న నేను స్విచ్చి ఆపేసి వైర్లు చుట్టుకుంటున్నా రేవతి వాళ్లమ్మ లోపలికి పోలేదు. దువ్వెన జుట్టులో అట్లాగే ఉంది. మూగబోయిన గొట్టం వైపు తలెత్తి చూస్తూ నిలబడే ఉంది.