అత్తిపత్తి మామయ్య

మా మామయ్య తన సామాను ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. అందుకే సెట్లో అందరూ ఆయన్ని అత్తిపత్తి మామయ్య అనేవారు. నిజానికి ఆ పోలిక సరైంది కాదు. అత్తిపత్తిని ముట్టుకుంటే అది ముడుచుకుంటుంది. మామయ్య సామాను ముట్టుకుంటే ముట్టుకున్నవాడు ముడుచుకునేవాడు.

ఆయన ప్రాపర్టీ మాస్టర్. అంటే నటుల చేతిలో గొడుగు మొదలు బల్ల మీది గుండుసూది దాకా అన్నీ తెచ్చిపెట్టి కాపాడే మనిషి. ఒకప్పుడు టీవీలో పన్నెండేళ్లు నడిచిన ఒక గూఢచారి హాస్య సీరియల్‌కి సామానంతా ఆయనదే. అందులో గూఢచారికి గొడుగులో టెలిఫోన్ ఉండేది. గొడుగు మూస్తేనే అది పనిచేసేది. వానలో ఫోన్ మోగితే దేశాన్ని కాపాడాలో, జలుబు నుంచి తనను తాను కాపాడుకోవాలో పాపం ఆ గూఢచారికి తేలేది కాదు. ఓసారి నిజంగానే కుండపోతగా వాన పడుతుంటే హీరో ఆ గొడుగు అడిగాడు.

"కారు దాకా వెళ్లొస్తాను, ఒక్క నిమిషం ఇవ్వండి."

"తడుస్తుంది."

"గొడుగన్నాక తడవదా అండీ?"

"ఇది తడవదు. మీరు తడవండి."

హీరో తడిశాడు. మర్నాడు సీన్లో గూఢచారికి జలుబు చేసినట్టు రాసుకోవలసి వచ్చింది.

ఏ వస్తువూ అంగుళం జరక్కుండా ప్రతిదాని చుట్టూ మామయ్య సుద్దముక్కతో గీత గీసేవాడు. ఇంట్లోనూ అదే వరస. ఉప్పు డబ్బా చుట్టూ ఒక సున్నా, చెప్పుల చుట్టూ రెండు. "నేను కాపురం చెయ్యట్లేదురా, మ్యూజియంలో ఉద్యోగం చేస్తున్నాను" అనేది అత్తయ్య. మా నాన్న ఓసారి వాళ్లింటికి వెళ్లి కుర్చీలో చిన్న కునుకు తీస్తే, లేచేసరికి తన పాదాల చుట్టూ గీతలున్నాయి. "మళ్లీ వచ్చినప్పుడు ఇక్కడే పెట్టండి బావగారూ" అన్నాడట మామయ్య. ఆ తర్వాత నాన్న ఆ ఇంటికి వెళ్లడం తగ్గించేశాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆ సీరియల్‌ని సినిమాగా తీయడం మొదలుపెట్టారు. నేను అందులో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. డైరెక్టరమ్మ ఆ సీరియల్ చూస్తూ పెరిగిన మనిషి. పాతవాళ్లలో ఇద్దరిని పట్టుబట్టి పిలిపించింది. ఒకరు మామయ్య. రెండోవారు గూఢచారి పైఅధికారి వేషం వేసిన పెద్దాయన. ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు, అందరికీ చీఫ్ గారే. వయసు డెబ్బై ఎనిమిది. ఒక్కరోజు వేషం, రెండు పేజీల డైలాగు. ఆ ఒక్కరోజు గురించి ఆయన ఆరు నెలల నుంచి వీధి వీధంతా చెప్పుకున్నారు. పాలు పోసేవాడు కూడా ఆయన్ని "సినిమా ఎప్పుడు సార్?" అని అడగనిదే పాలు పోయడం లేదు.

నిర్మాతకి మాత్రం నమ్మకం లేదు. "మూడు టేకులు. అప్పటికీ కాకపోతే వేరే ఆయన్ని పెట్టేద్దాం. ఆయనకి కోటు కూడా కుట్టించేశాను" అన్నాడు. మెల్లగా మాట్లాడడం ఆయన ఒంట్లో లేదు కాబట్టి ఆ మాట చీఫ్ గారూ విన్నారు, మామయ్యా విన్నాడు.

షూటింగ్ రోజు పొద్దున్న చీఫ్ గారి కారు రాగానే మామయ్య ఎదురెళ్లాడు. సీన్ కోసం తను సర్దిన చీఫ్ గారి బల్లని ఆయన వదిలి వెళ్లడం నేను చూడడం అదే మొదటిసారి. బల్ల దగ్గరికి వెళ్లి చూద్దును కదా, దుమ్ము. పేపర్ వెయిట్ వెనక, క్యాలెండర్ లోపలి వైపు, పెన్నుల డబ్బా మీద, అన్నిచోట్లా సుద్ద మరకలు. మామయ్య గీతలకి కొదవేముంది అనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచిపారేశాను. బల్ల అద్దంలా మెరిసింది.

మామయ్య తిరిగొచ్చి బల్ల వంక చూశాడు.

"ఎవరు తుడిచారు?"

"నేనే మామయ్యా. ఎలా ఉంది?"

నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"డైలాగులు రా అవి" అన్నాడు.

సీరియల్ రెండో ఏడు చీఫ్ గారికి పెద్ద జ్వరం వచ్చింది. లేచాక నటన అలాగే ఉంది కానీ మాట గుర్తుండేది కాదు. ఒక్క వాక్యానికి పందొమ్మిది టేకులు తిన్నారట. ఉద్యోగం ఊడేలా ఉంది. మర్నాడు పేపర్ వెయిట్ వెనక ఆ రోజు డైలాగు సన్నని అక్షరాల్లో కనిపించింది. ఇక పదేళ్లూ అదే పని.

"ఎవరైనా వస్తువు తీస్తే అక్షరాలు బయటపడతాయి. అందుకే ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. ఆ బల్ల ఒక్కటే కాపాడితే అనుమానం వస్తుందని అన్నిటికీ గీతలు గీశాను, చివరికి ఇంట్లోనూ అదే అలవాటైపోయింది."

"చీఫ్ గారు ఏమనేవారు?"

"ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే ఆ పెద్దమనిషి మర్యాద ఏం కాను?"

పదేళ్లు లోకం చేత పిచ్చివాడనిపించుకున్నాడు కానీ నోరు విప్పలేదు. ఆఖరికి అత్తయ్యకి కూడా చెప్పలేదు. తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"మళ్లీ రాసేద్దాం మామయ్యా."

"రెండు పేజీలురా!" అన్నాడు. ఈలోగా "రెడీ!" అని కేక వినిపించింది. మామయ్య నా జేబులోంచి స్క్రిప్టు లాక్కుని, మోకాళ్లు పటపటలాడిస్తూ బల్ల కిందికి దూరి, బల్ల ముందు వేలాడే గుడ్డ తెర లాగేసుకున్నాడు.

టేక్ మొదలైంది. చీఫ్ గారు దర్జాగా కుర్చీలో కూర్చుని పేపర్ వెయిట్ వెనక్కి చూశారు. ఏమీ లేదు. క్యాలెండర్ చూశారు. అక్కడా లేదు. ఆయన ముఖం పాలిపోయింది. ఒకటి, రెండు, మూడు క్షణాలు. నిర్మాత కోటు తెమ్మని సైగ చేశాడు.

అప్పుడు చీఫ్ గారి ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. బల్ల మీద గుద్ది గూఢచారిని రెండు పేజీల పొడుగునా ఉతికి ఆరేశారు. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వాపుకోలేక చస్తున్నారు. సౌండ్ రికార్డిస్టు మాత్రం హెడ్‌ఫోన్ నొక్కి పట్టుకుని డైరెక్టరమ్మ చెవిలో అన్నాడు:

"మేడమ్, బల్ల మాట్లాడుతోంది."

"మాట్లాడనివ్వండి" అందావిడ, కళ్లు తిప్పకుండా. "డబ్బింగ్‌లో తీసేద్దాం."

ఒక్క టేక్! చప్పట్లు మోగాయి. చీఫ్ గారు లేచి, బల్లని చేత్తో ఒకసారి మెల్లగా తట్టి, పాలవాడికి ఫోన్ చెయ్యడానికి వెళ్లిపోయారు. డైరెక్టరమ్మ వంగి తెర ఎత్తింది.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"బల్ల కాలు ఊగుతోందమ్మా. పట్టుకున్నాను."

ఆ బల్లని మోసుకురావడానికి నలుగురు కావలసి వచ్చింది. ఆవిడ రెండు చేతులతో ఊపి చూసింది. ఏనుగు వచ్చి తోసినా కదిలేది కాదది.

"అవును, బాగా ఊగుతోంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చీఫ్ గారికి రేపు కూడా ఒక సీన్ రాస్తున్నాను. ఈ కాలు రేపూ ఊగుతుంది. కింద ఒక పరుపు వేయించు."

"దిండు కూడా వేయించరా" అన్నాడు మామయ్య, బల్ల కిందనుంచే.