ఆలస్యానికి కారణం

2023. అమీర్‌పేటలో హాస్టళ్ల సందులో నా లా ఆఫీసు. బోరబండ నుంచి శాంతమ్మ అనే వంటమనిషి వచ్చింది. తను పనిచేసే లేడీస్ హాస్టల్లో అన్నం మెత్తబడిందని యజమాని గరిటె కాడతో భుజం మీద కొట్టాడు, అదీ భోజనానికి కూర్చున్న అమ్మాయిల ముందు. అప్పటికి పది నెలలైంది. తన ఫిర్యాదుకు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన రసీదును లామినేషన్ చేయించి మరీ తెచ్చింది.

"పైసలొద్దు మేడం. అందరి ముంగట కొట్టిండు. జడ్జి ముంగట నిలబడి, కొట్టిన అని ఒప్పుకోవాలె. గంతే."

నేను వేరే ట్రయల్ హడావుడిలో ఉన్నాను. రసీదు చూసి, "కేసు నడుస్తోంది కదా, మూడు నెలలయ్యాక రండి" అన్నాను. నిజానికి అక్కడ కేసే లేదు. ఇలాంటి చిన్న దెబ్బ నాన్-కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ చెప్పనిదే పోలీసులు దర్యాప్తు చేయరు. ఏడాదిలోపు మనమే కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఆ గడువును లిమిటేషన్ అంటారు. లా చదివే పిల్లలకు కూడా తెలిసిన సంగతిది.

శాంతమ్మ సరిగ్గా మూడు నెలలకు వచ్చింది. అప్పుడు తేదీలు చూశాను, గడువు దాటి నెలైంది.

ఇక మిగిలింది, ఆలస్యాన్ని మన్నించమని ఫిర్యాదుతో పాటు ఒక పిటిషన్. అందులో కారణం చూపాలి. మా లాయర్ల దగ్గర అందుకో వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "ఫిర్యాది నిరక్షరాస్యురాలు, చట్టం తెలియదు." అలవాటుగా అదే టైప్ చేశాను. అలవాటు అనడం కూడా అబద్ధమే, నా తప్పు రాయడానికి భయపడ్డాను.

"ఏం రాసిన్రు మేడం?" అని అడిగింది. చెప్పాను.

"నాకు చదువొస్తది గద. ఆదివారం చర్చిల వాక్యం నేనే చదువుత."

"కోర్టుకు అలాగే రాయాలమ్మా."

శాంతమ్మ తెలుగులో పొందిగ్గా సంతకం పెట్టింది.

యజమాని కోర్టుకు రాలేదు, లాయర్‌ను పంపాడు. ఆ లాయర్ సంతకం చూపించి, "చదువురాని మనిషి ఇంత చక్కగా రాస్తుందా?" అన్నాడు. జడ్జి పిటిషన్ కొట్టేశారు.

కోర్టు వరండాలో శాంతమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇగ ఆయనను ఎవ్వరూ అడగరా మేడం?"

"అడగరు."

"పోనీ తియ్యిన్రి. మీరు మస్తు తిరిగిన్రు నా కోసం. తప్పు నాదే, జర ముందుగాల రావాల్సుండె."

కాదు, మీరు గడువుకు ముందే వచ్చారు అనాల్సింది. ఫైలు మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎవరొచ్చినా దెబ్బ సంగతి వినకముందే తేదీ అడుగుతాను. అంతవరకు నేర్చుకున్నాను. ఆలస్యం తనదేనని మాత్రం శాంతమ్మ ఇంకా నమ్ముతోంది.