దొడ్డసారు కాలి వైద్యం

మేం కుర్రాళ్లుగా ఉన్న కాలంలో నడుమునొప్పి ముసలివాళ్ల సొత్తు. ఇరవై మూడేళ్లవాడు నడుము పట్టుకుంటే జనం నవ్వేవారు. ఎనభైల మొదట్లో బళ్లారిలో ఓ దినపత్రిక ఆఫీసులో చేరి, గుంటలా దిగబడిన కుర్చీలో రోజంతా వంగి వార్తలు రాసేవాణ్ని. ఐదో నెలలో, కింద పడ్డ కాగితం తీయబోయి సగంలోనే ఆగిపోయాను (కాగితం తీసింది వేరేవాళ్లు). ఆరో నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో తేల్చేది ఇన్‌చార్జి. ఆయన్ను అందరం దొడ్డసారు అనేవాళ్లం. నొప్పి సంగతి తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఆయన ముందు నిటారుగా తిరిగి, గదికి రాగానే మంచమెక్కేవాణ్ని. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగేది.

ఇల్లుగలావిడ, ఓ అవ్వ, నా మూలుగు విన్నది. "ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు మూడుసార్లు తంతే పోతాదప్పా" అంది. అలాంటి మనిషి కోసం వీధులన్నీ వాకబు చేసి, ఓ ఆదివారం పొద్దున్నే నన్ను లాక్కుపోయింది. తీరా చూస్తే అది దొడ్డసారు ఇల్లు! వెనక్కి తిరుగుదామంటే నడుము తిరగదే.

"ఏందిరా, ఆదివారం గూడా వార్త తెచ్చినావా?" అన్నారాయన.

"వార్త గాదప్పా, తన్నించుకునేకి వచ్చినాడు" అంది అవ్వ.

దొడ్డసారు నన్ను ఎగాదిగా చూశారు. "ఆరునెల్లుగా నాకూ అదే ఉండాది మనసులో. నోరు తెరిచి అడగకపోతివి!"

ఉద్యోగం పోయిందనుకుంటూ అరుగు మీద బోర్లా పడుకున్నాను. ఆయన పాదం మాత్రం పసిపిల్లాణ్ని తాకినట్టు మూడుసార్లు ఆనింది. అవ్వ తృప్తిగా వెళ్లిపోయాక పక్కనే కూర్చున్నారు.

"ఎన్నాళ్లాయె?"

"నెల, సార్."

"నెల్నుంచి దాచిపెట్టినావా? నీ వయసులో నాకూ పట్టుకునింది. మంచం మింద పడుంటే ఇంకా బిగుస్తాది. డాక్టరుకు చూపించుకోని, నాతో నడువు."

"మరి ఉద్యోగం, సార్?"

"నడుమునొప్పి ఉండేవాళ్లనంతా పంపిస్తే పేపరెవురు రాస్తారప్పా? మొదట నేనే పోవాల."

డాక్టరూ అదే చెప్పాడు: వంగి కూర్చోవద్దు, గంటకోసారి లేవాలి, నడవాలి. దొడ్డసారు నా కుర్చీకి చెక్క వేయించారు. రోజూ పొద్దున కప్పగల్లు దారిలో ఇద్దరం నడిచేవాళ్లం. మొదట్లో ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగాను. మూడు వారాలకు, ఆయన్ను ఆగమని పిలవాల్సినంత వెనక మాత్రం పడేవాణ్ని కాదు. ఓ రోజు ధైర్యం చేసి అడిగాను, "నిజంగా ఎదురుకాళ్లతోనే పుట్టినారా సార్?"

"ఎవురికి తెలుసురా? చిన్నప్పుడు మా ముసిలి జేజి ఎవురితోనో అనింది. అప్పట్నుంచి తంతానే ఉండా."

ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు నేను దొడ్డసారు అప్పటి వయసు దాటేశాను. నొప్పికన్నా అది ఎవరి కంట పడుతుందోనని ఎక్కువ భయపడి, తలుపు వేసుకుని పడుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వెళ్లి తలుపు తట్టి, "లెయ్యప్పా, ఏం గాదు, బయటికి రా" అనాలనిపిస్తుంది.