ఎడారికి పోయొచ్చిన చిన్నమ్మ

"మీ చిన్నమ్మ పోయిందిర. తెల్లారగట్ల పానం పోయింది. నువ్వు జల్ది రా" అని పెద్దమ్మ ఫోన్ చేసింది. హుస్నాబాద్‌లో మేముండే ఇంట్లో ఫోన్ లేదు. ఎదురింటివాళ్ళు పిలిస్తే పోయి మాట్లాడాను. పెద్దమ్మ ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుగా ఉంది గొంతు.

పెద్దపల్లి దగ్గరి మా ఊళ్ళో, పెద్దమ్మ ఇంట్లోనే చిన్నమ్మ చివరి నెలలు గడిచాయి. కడుపులో క్యాన్సర్. పిల్లలు లేరు. ఒకే ఇంటి కోడళ్ళయిన ఆ ఇద్దరూ అంతకుముందు చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదు. అందుకు కారణం మా కాక సంగతి, ఎడారి సంగతి.

కాక మా బాపుకు తమ్ముడు, చిన్నమ్మ భర్త. గోదావరి ఒడ్డున బొగ్గు బావిలో ఇసుక నింపే పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట భూమి లోపల పెద్ద ఖాళీ మిగులుతుంది. పైకప్పు కూలకుండా గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి గొట్టాల్లో కిందికి వదిలి ఆ ఖాళీని నింపుతారు. నీళ్ళు వడిసిపోయాక ఇసుక గోడలాగా బిగుసుకుంటుంది. ఆయన బతుకంతా ఆ పనిలోనే పోయింది. నలభై దాటేసరికి దమ్ము మొదలైంది. పది అడుగులు వేస్తే నిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకునేవాడు. బావి పని మాన్పించి పైన తేలిక పని ఇచ్చారు.

నడవలేకపోతున్నానని మోపెడ్ కొన్నాడు. చిన్నమ్మకు కూడా నేర్పాడు. బొగ్గు కంపెనీ కాలనీ మైదానంలో చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె తిప్పుతుంటే జనం గుమిగూడేవాళ్ళు.

"ఏం పిల్లా, పగ్గాలేవి?" అని ఒక ముసలాయన నవ్వాడట.

"మీ ఇంట్ల నీ కోడలి చేతులల్ల ఉన్నయి, పోయి సూస్కో మామా" అందట చిన్నమ్మ.

ఆమె మాట అట్లా ఉండేది. పని మాత్రం మాటకంటే ముందుండేది. కాలనీలో ఎవరికి నొప్పులు మొదలైనా, ఎవరికి జ్వరం ముదిరినా ఆమె మోపెడ్ వాకిట్లోకి వచ్చేది. దారిలో బండి మొరాయిస్తే ఒక్క మాట అనేది కాదు. "ఆగినదాన్ని తిట్టొద్దు, దిగి సూడాలె" అనేది. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి అదే.

తొంభైల మొదట్లో కాకకు కంపెనీ దూరప్రయాణం సెలవు ఇచ్చింది. అందరూ ఆ సెలవుమీద కాశీకో తిరుపతికో పోయేవాళ్ళు. కాక రాజస్థాన్ పోతానన్నాడు.

"కాశికి సచ్చినంక ఎట్లైన తీస్కపోతరు. నేను ఇసుక సూస్త. పైన, ఎండల ఉన్న ఇసుక."

డాక్టర్ వద్దన్నాడు. దుమ్ము తగిలితే ఊపిరితిత్తులు తట్టుకోవన్నాడు. పెద్దమ్మ పనిగట్టుకుని కాలనీకి వచ్చి తిట్టింది.

"దమ్మున్నోన్ని దుమ్ముల తిప్పుతవానే? మల్ల పానంతోని తీస్కొస్తవా?"

"నేను ఒద్దంటె ఆగుతడక్కా" అంది చిన్నమ్మ. "ఒద్దనాల్నంటె నాకు నోరు వస్తలేదు."

"నోరు రాకుంటె రేపు మావోడు రాడు."

"తీస్కొస్త" అంది చిన్నమ్మ.

జైసల్మేర్‌లో రైలు దిగాక జనం ఒంటెలు ఎక్కుతున్నారు. కాకకు ఒంటె నచ్చలేదు. బజారులో బండ్లు కిరాయికిచ్చే దుకాణంలోకి పోయి మోటారుసైకిల్ అడిగాడు. వెనక కూర్చోమంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"తొవ్వల నీకు దమ్ము లేస్తె ఎనుక కూసోని నేనేం జెయ్యాలె? నాకొక మోపెడ్ ఇప్పియ్యి."

ఆడమనిషి నడుపుతుందా అని దుకాణదారు నోరు తెరిచాడట. "ఔరత్ చలాయేగీ?"

"మేరేసే అచ్ఛా" అన్నాడు కాక, తన దక్కనీ హిందీలో, నాకంటే బాగా నడుపుతుందని.

అట్లా రెండు కిరాయి బండ్ల మీద, ముందు ఆయన, వెనక ఆమె, ఊరు దాటి పోయారు. ఈ భాగం చెప్పేటప్పుడు చిన్నమ్మ మొహం తేటగా ఉండేది. నల్లటి సన్నని రోడ్డు, రెండు పక్కలా ముళ్ళ పొదలు, ఎక్కడో ఒక మేకల మంద. కాక పెద్దగా పాడుతూ పోయాడట. "నడిస్తె ముసలోన్ని. బండెక్కితె అందరి లెక్కనే" అని వెనక్కి తిరిగి అరిచాడట.

పొదలు పలచబడి ఇసుక తిన్నెలు మొదలయ్యాయి. కాక రోడ్డు మీద ఆగి చూశాడు. ఆ తర్వాత బండిని ఇసుకలోకి తిప్పాడు.

"ఏందయ్యా, యాడికి?"

"గుట్టంత బరువును ఇసుక మీద నిలవెట్టినోన్ని. నా బండి నిల్వదా?"

ఆయనకు తెలిసిన ఇసుక నీళ్ళు తాగి బిగిసిన ఇసుక. పాతికేళ్ళు దాన్ని నమ్మి దాని పక్కన నిలబడి పని చేశాడు. తడి ఎరగని ఇసుక ఆయన ఎన్నడూ చూడలేదు. తిన్నె మొదట్లోనే ముందు చక్రం మునిగింది. బండి కాలు మీద పడింది. నోట్లోకి, ముక్కులోకి ఇసుక పోయింది. దమ్ము లేచింది.

చిన్నమ్మ మోపెడ్ రోడ్డు మీద పడేసి పరుగెత్తింది. చేతులతో ఇసుక తోడి కాలు బయటికి లాగింది. ఆ తర్వాత ఏమైందని అడిగితే, "జరసేపు ఆగినం, ఎల్లొచ్చినం" అనేది. మోటారుసైకిల్‌ను అక్కడే వదిలేసి, కాకను మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలతో తన నడుముకు కట్టుకుని ఊళ్ళోకి వచ్చింది. అంతవరకే చెప్పేది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి, రైలెక్కించి, ఇంటికి తెచ్చింది. అన్నట్టే ప్రాణంతో తెచ్చింది.

కానీ ఆ దమ్ము మళ్ళీ పూర్తిగా దిగలేదు. ఆ ఏడు వానలు పడకముందే కాక పోయాడు.

దినాల నాడు, వండిన అన్నం ముందు అందరూ కూర్చుని ఉండగా పెద్దమ్మ అంది. "నా మరిదిని ఎడార్ల తిప్పి సంపింది." ఎవరూ కాదనలేదు. చిన్నమ్మ కూడా కాదనలేదు. లేచి చేయి కడుక్కుని మోపెడ్ ఎక్కి కాలనీకి వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఊరికి రాలేదు.

తర్వాత నేను కాలనీకి పోయినప్పుడు ఒకసారి అడిగాను. "పోకుంటే కాక ఇంకొన్ని రోజులు ఉండేవాడా చిన్నమ్మా?"

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఉండెటోడేమో. డాక్టర్ గట్లనే అన్నడు." ఒక రాయి ఏరి పక్కన వేసి, "మంచంల ఉండెటోడు" అంది. అది తనను తాను సమర్థించుకోవడం కాదు. ఉన్న రెండు సంగతులూ చెప్పింది, అంతే.

క్యాన్సర్ సంగతి తెలిసినప్పుడు ఎవరూ అడగకుండానే పెద్దమ్మ జీపు మాట్లాడుకుని పోయి చిన్నమ్మను తీసుకొచ్చింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకరు పెట్టేవారు, ఒకరు తినేవారు.

నేను చివరిసారి చూసిన రోజు పెద్దమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, పక్కన పీట వేసుకుని గంజి తాగిస్తోంది. గిన్నెలోకి చూస్తూనే అడిగింది.

"గాడ మావోనికి దమ్ము లేసినప్పుడు ఏం జేసినవే?"

అన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అంత సూటిగా అడగలేదు. చిన్నమ్మ మింగుడు ఆపింది.

"చెట్టు లేదక్కా. గోడ లేదు. ఇసుక కాలుతాంది. దమ్ము గోళి ఏసి కూసోవెట్టిన. లేసి బండెక్కేటట్టు లేడు. ఎండ మొకం మీద కొడ్తాంది. నేను అడ్డం నిలవడ్డ."

"ఎంతసేపు?"

"ఏమెరుక. దమ్ము దిగేదాన్క. పొద్దు జరిగినకొద్ది నేను జరిగిన."

"ఎట్ల నిలవడ్డవ్?"

చిన్నమ్మ కప్పుకున్న దుప్పటి అంచులను రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. మోచేతుల దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. ఆమె వెనక కిటికీలోంచి పెద్దమ్మ మొహం మీద పడుతున్న ఎండ ఆగిపోయింది. పెద్దమ్మ గిన్నె పట్టుకుని ఆ నీడలో అట్లాగే కూర్చుంది. దించమని అనలేదు. చిన్నమ్మ దించలేదు.