దిగని బిందె

ఆ రోజుల్లో లోకాన్ని చూడాలన్న కుతూహలం నాకు ఇంతా అంతా కాదు. అది తీరే దారులు మాత్రం రెండే: నాన్న చదివి పక్కన పెట్టిన పేపరు ఒకటి, మా గని కూలీల ఇళ్ళ లైను కిందనున్న వీధి కొళాయి ఇంకొకటి. చిన్నప్పటి ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. పొద్దున పనికి పోయే ముందు లెక్కలు, సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక భాగవతం, నాన్నే కూర్చోబెట్టి చెప్పాడు. (ఇంగ్లీషు కూడా చెప్పాడు. చదివితే అర్థమయ్యేది. ఎవరైనా మాట్లాడితే మాత్రం రైలు ఆగకుండా వెళ్ళిపోయినట్టుండేది.) బడికి పోకపోవడం ఒక లోటని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పటికీ దేవుడు చేసిన మేలనే అనుకుంటాను. ఇంట్లో చదువుకున్న పిల్లకు బయట ఏది చూసినా వింతే కదా. అలాంటి నేను, ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో, మా అవ్వను వెంటబెట్టుకుని బెంగుళూరులో ఒక కళా ఉత్సవానికి వెళ్ళాను. పేపర్లో దాన్ని సమకాలీన కళ అని రాశారు. మన కాలంలోనే పుట్టిన కళ మనకు తెలియకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను, ధైర్యంగా.

ఆ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. ఆ ఉత్సవంలో వేసే ఒక సినిమాలో మా అవ్వ ఉంది. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చి, కేజీఎఫ్‌లోనే కన్ను మూశాడు. గని మూతపడ్డా అవ్వ ఆ లైను ఇల్లు వదల్లేదు. మా ఇంటి ముందు నిలబడితే బంగారం తీసేసిన మట్టి పోసిన బూడిద రంగు సైనైడ్ దిబ్బ మొత్తం కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసుకోవడానికి ఎవరెవరో వస్తుంటారు. అలాగే ఒకసారి జుట్టు కత్తిరించుకున్న ఒక అమ్మాయి వచ్చింది. మేము ఆమెను కెమెరా అక్క అనేవాళ్ళం. ఆమె దిబ్బను చూసి, కొళాయి నుంచి మెట్టెక్కి వస్తున్న అవ్వను చూసి, "అవ్వా, మీరు నీళ్ళు తెచ్చేది కెమెరాలో తీసుకోవచ్చునా?" అని కన్నడ కలిసిన తెలుగులో అడిగింది.

"నీళ్ళు మోసేదాంట్లో ఏముండాది తల్లీ చూసేదానికి? మీ బెంగుళూర్లో మొయ్యరా?" అంది అవ్వ.

"మోస్తారవ్వా. ఇంత నెమ్మదిగా మొయ్యరు."

అవ్వకు ఆ మాట నచ్చింది. రేపు వస్తాను, మీరంతా మామూలుగా ఉండండి, కెమెరా లేదనుకోండి అని చెప్పి వెళ్ళింది అక్క. నేను మామూలుగానే ఉన్నాను. చిలకపచ్చ పట్టు పావడా, పసుపు ఓణీ, భుజం దాకా కనకాంబరాలు, అంతే. పొద్దున్నే నన్ను చూసి అవ్వ, "యాడికే, పెండ్లికా?" అంది. పక్కింటి రేడియో పెద్దమ్మ (లైనులో ఏ వార్తయినా ముందు ఆమె నోట వినాల్సిందే) గోడ మీదుగా తొంగి చూసి, "ఏమక్కా, పాపను చూసేదానికి వస్తా ఉండారా?" అని అడిగింది. బీరువాలో ఉంటే పురుగు పడుతుందని ఊరికే కట్టుకున్నానని చెప్పాను. ఆ రోజు కెమెరా ఎటు తిరిగితే అటువైపే నాకు పనులు గుర్తొచ్చాయి. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. మంచి మనిషి.

కొన్ని నెలలకు పిలుపు వచ్చింది. "పోయి చూసి రాక్కా, సినిమాలో ఎంతసేపు ఉండావో," అంది రేడియో పెద్దమ్మ. "అంత దూరం పోయినాక నీ చెవి కమ్మ ఒకటి చూపించి పొమ్మంటారేమో!" అవ్వ రైల్లో కూర్చున్నాక మా ఊరి దగ్గరి బంగారు తిరుపతి స్వామి ఉన్న దిక్కుకు దణ్ణం పెట్టుకుని, "సామీ, మొగం కనపడేట్టు చూడు," అని పైకే అనేసింది.

ఉత్సవం ఒక పాత బంగళాలో. వాకిట్లోనే విరిగిన కుర్చీ ఒకటి, చుట్టూ తాడు. "పాపం, ఎవురూ కూచోని పడకుండా కట్టినారు," అంది అవ్వ. (అది కూడా కళేనని పక్కన చీటీ చదివి తెలుసుకున్నాను. అవ్వకు చెప్పలేదు.) అక్క సినిమా లోపలి గదిలో. నల్ల తెర తొలగించి చూస్తే చీకటి, లోపలెక్కడో చిన్న వెలుగు. అచ్చం గర్భగుడే. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోకుండానే చెప్పులు బయట విడిచాం. మా వెనక వచ్చినవాళ్ళు మా చెప్పులు చూసి, అదే ఇక్కడి పద్ధతి కాబోలని తమ బూట్లు కూడా విప్పారు. కాసేపటికి ఆ గది బయట వరస చూస్తే వైకుంఠ ఏకాదశే. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి అయోమయంగా ఆ బూట్లను సర్దుతూ మాతో, ఇది తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా లేచి పోవచ్చు అని చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఇంట్లో నాన్న పురాణం మొదలుపెడితే మంగళ హారతి అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో లేచి పోవచ్చని పిలిచి మరీ చెప్పే చోటు చూడడం అదే మొదటిసారి.

గోడంత తెర మీద మా దిబ్బ. గాలి. చాలాసేపు గాలే. ఒక మేక. మళ్ళీ గాలి. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. అప్పుడు కింద నుంచి, చీమంత, నడుం మీద బిందెతో అవ్వ వచ్చింది. మెల్లగా పెద్దదైంది. కొంగు, చేతులు, చెవి కమ్మలు, ముఖం. స్వామి విన్నాడు. "నేనే పాపా! నేనే!" అంది అవ్వ, గదిలో అందరికీ వినిపించేలా. తెర మీది అవ్వ మా ఇంటి మెట్టు దగ్గరికి వచ్చింది, కాలు పైకెత్తింది, అంతే. మళ్ళీ దిబ్బ. మళ్ళీ గాలి.

"యాడ పోతిని?" అంది అవ్వ.

"వస్తావులే, ఉండు."

వచ్చింది, మొదటి నుంచి. చీమంతగా, కింద నుంచి, అదే బిందెతో. మెట్టు దాకా వచ్చి, కాలెత్తి, మళ్ళీ మాయం. అవ్వ ముఖంలో సంబరం పోయి కంగారు వచ్చింది. "మళ్ళా కిందికి పంపించినారే! ఇంగా దించనే లేదు కదే!" జనం వస్తున్నారు, పోతున్నారు. నేను మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ తిరుగుడులో పడిపోయాను. చూసిన కొద్దీ చూడనివి కనిపించాయి. మేక ప్రతిసారీ అవ్వను చూసే తల తిప్పుతోంది. ఎక్కుతున్నంతసేపూ అవ్వ పెదవులు కదులుతున్నాయి, గోవింద నామం చెప్పుకుంటోంది. పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నాను, అవ్వ నామం చెప్పుకుంటూ నీళ్ళు మోస్తుందని నాకు ఆ చీకటి గదిలో తెలిసింది. అలా చూపించినందుకు అక్కకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పక్కన అవ్వ మాత్రం నడుం పట్టుకుని కూర్చుంది, మోస్తున్నది తానే అయినట్టు. (తానే కదా మరి.)

"అవ్వా, రైలుకు టైమవుతోంది. పోదామా?"

"నన్ను దోవలో నిలబెట్టి నేనెట్ల వచ్చేది? బిందె దించనీ. అప్పుడు పోదాం."

చివరికి మమ్మల్ని లేపింది అక్కే. పక్క హాల్లో తన ప్రసంగం ఉందని వచ్చి, అవ్వను కౌగిలించుకుని, తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. వేదిక మీద కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన కాలం గురించి పొడుగాటి ప్రశ్న అడిగాడు. అక్క చెప్పిన జవాబు నాకు కొంత అందింది: గని మూతపడినా అక్కడివాళ్ళ ఎదురుచూపు ముగియలేదు, అందుకే ఈ సినిమాకు ముగింపు లేదు, బిందె దిగదు. ఎంత బాగా చెప్పింది అని నాకు కళ్ళు చెమర్చాయి. అవ్వ చెవిలో చెప్పాను, "బిందె దించకపోవడంలోనే అర్థం ఉందంట అవ్వా."

"అర్థం బాగానే ఉండాది. మోసేది నేను కదే."

ఈ గుసగుస అక్క కంటపడింది. నవ్వుతూ మైకు అవ్వ చేతికి పంపింది. అవ్వ మైకును రెండు చేతులా పట్టుకుని, హాలంతా మోగేలా అడిగింది, "అమ్మా, ఒకటే మాట. ఆ పొద్దు నేను బిందె దించినానా, లేదా?"

ఎవరో ఒకరు దాన్ని కన్నడంలో, ఇంగ్లీషులో చెప్పినట్టున్నారు. అక్క వేదిక దిగి వచ్చి అవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "దించినారవ్వా. ఆ ముక్క నేనే సినిమాలోంచి తీసేసినా. అది నా దగ్గర భద్రంగా ఉంది." ఆ మాట అంటూ ఎందుకో నా వైపు చూసి పెదవి కొరుక్కుంది. అభిమానం కాబోలనుకుని నేనూ నవ్వాను.

"దించినాను కదా. ఇంగ చాలు," అని అవ్వ మైకు తిరిగిచ్చేసింది. "లెయ్యి పాపా, రైలు పోతాది."

ఇంటికొచ్చాక గోడ మీద రేడియో పెద్దమ్మ సిద్ధంగా ఉంది. "ఎంతసేపుండావక్కా?" అవ్వ కొంగు సర్దుకుని చెప్పింది, "పొద్దున్నించీ నేనే. ఇప్పుడుగానీ పోయి చూస్తే, ఇప్పుడూ నేనే." ఆ తర్వాత పెద్దమ్మ చాలా రోజులు మా గోడ వైపు రాలేదు.

తీసేసిన ఆ ముక్కను అక్క కొద్ది రోజులకు నా ఫోనుకు పంపింది. అవ్వా నేనూ వాకిట్లో కూర్చుని చూశాం. అవ్వ మెట్టు మీద కాలు పెడుతుంది. సరిగ్గా అప్పుడు వాకిలికి, కెమెరాకు మధ్యలోకి ఒక పిల్ల వస్తుంది. పనిదినం పొద్దున పూట చిలకపచ్చ పట్టు పావడా, భుజం నిండా కనకాంబరాలు, చేతిలో చీపురు. స్టూడియోలో ఫోటోకు నిలబడ్డట్టు నిలబడి, కెమెరాలోకి చూస్తూ నవ్వుతుంది. "జరగవే!" అంటుంది అవ్వ. పిల్ల జరగదు. "జరగవే, నీళ్ళు పోతా ఉండాయి!" పిల్ల ఇంకా కొంచెం నవ్వుతుంది. అవ్వ విసుక్కుని, దాన్ని చుట్టి వెళ్ళి, బిందె గట్టు మీద దించి, నడుం నిమురుకుని, అక్కతో "కాఫీ తాగుతావా తల్లీ?" అంటుంది. అక్కడితో అయిపోతుంది.

అవ్వ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇదేనా దాంట్లో ఉండే అర్థం?" అని మొదలుపెట్టిన నవ్వు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఆగలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ సినిమా ఏ ఊళ్ళో ఆడుతోందో, అక్కడి అవ్వ ఎన్నిసార్లు ఎక్కి వస్తోందో నాకు తెలియదు. నా ఫోనులో మాత్రం దీపం పెట్టిన వేళ అప్పుడప్పుడు ఆ ముక్క చూస్తాను, అవ్వ గొంతు కోసం. చీపురు పట్టుకుని నవ్వే ఆ పిల్లను చూస్తే ఇప్పుడు సిగ్గు వెయ్యదు. లోకం నన్నొకసారి చూడాలని అంత ముచ్చటపడింది, పాపం. "జరగవే" అంటాను నేను కూడా, అవ్వతో పాటే. ఎన్నిసార్లు చెప్పినా జరగదు. పోనీలే, దేవుడి దయ వల్ల బిందె దిగింది.